రాజు చెవిలో

కిందటి వారం ఆమెను భోజనాల బల్ల దగ్గర ఒక ప్రశ్న ముందు వదిలి వచ్చాం. అడిగినవాడు కట్టుకున్నవాడే. "నా వేషానికి ఎవర్ని తయారు చేస్తున్నావు?" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా. ఆమె చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది.

ఈ వారమే మన మధ్యకు వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆమె ఒక నాటక సమాజంలో ప్రాంప్టర్. పక్క తెర చాటున చిన్న స్టూలు మీద, మసక బల్బు కింద కూర్చుని, వేషగాళ్లు మాట మరిచిపోతే అందించడం ఆమె పని. అందరూ ఆమెను ప్రాంప్టరమ్మ అంటారు, నాటకం ఆడించే ఆయన్ని మాస్టారు అంటారు. రాజు వేషం ఆమె భర్తది, మంత్రి వేషం ఆమె తోడబుట్టిన అన్నది. నాటకం పాతది. మంత్రి లేనిపోనివి చెప్పి రాజుకు తమ్ముడి మీద అనుమానం పుట్టిస్తాడు. రాజు నమ్మి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడి మొహం మీద కోట తలుపులు వేయిస్తాడు. తమ్ముడు గోడ బయట చనిపోతాడు, కోట పడిపోతుంది, దాని కింద రాజుతో పాటు మంత్రీ పోతాడు. మంత్రికి ఒరిగింది గుండుసున్న. మరి ఎందుకు చేశాడంటే, రాసినవాడు ఆ ముక్క ఎక్కడా రాయలేదు.

రెండో అంకంలో ఒకచోట 'మంత్రి రాజు చెవిలో చెప్పును' అని ఉంటుంది. ఏం చెప్పునో ఉండదు. సమాజంలో తరతరాలుగా మంత్రులు ఆ ఖాళీని తమకు తోచినట్టు నింపుకుంటూ వచ్చారు. "నీ మీసం ఊడుతోంది చూసుకో" అని ఒకడు. "ముందు వరసలో ఆయన గురక నీకు వినిపిస్తోందా?" అని ఇంకొకడు. రాజు నవ్వు ఆపుకోవడానికి దవడ బిగిస్తే, హాల్లో వాళ్లకు అది కోపంలా కనిపించేది. అందరికీ పని జరిగిపోయేది.

ఈసారి అన్నయ్య జోకులు మానేశాడు. రంగం మీద, అందరి ఎదుట, ఒక్కరికీ వినపడకుండా, ప్రతి ఆటలోనూ బావ చెవిలో ఒక్కో వాక్యం వేస్తూ వచ్చాడు. 'మా చెల్లెలు నీకు మతి తప్పుతోందని చెప్పుకుంటోంది బావా.' 'నీకు కావాలని తప్పు మాట అందిస్తోంది, నువ్వు తడబడాలని.' 'మాస్టారి దగ్గర ఇంకొకణ్ని తయారు చేస్తోంది.' భోజనాల బల్ల దగ్గర ఆ రోజు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి.

ఇందులో ఒక్క ముక్క నిజం, అదే ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ఆయన నిజంగానే మాటలు మరిచిపోతున్నాడు. రంగం మీదే కాదు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాడు, పక్కవీధి పేరు మరిచిపోతున్నాడు. ఆ సంగతి ఆమె ఒక్క మనిషికే చెప్పుకుంది. "భయంగా ఉందిరా అన్నయ్యా, ఆటలో ఆయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు" అని ఏడ్చింది. అన్నయ్య కనిపెట్టుకునే ఉన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె అన్న పనిచేసే కళ్లజోళ్ల షాపుకు వెళ్లింది.

అప్పుడే తాళం తీసినట్టున్నారు, నేల ఇంకా తడిగా ఉంది. అన్నయ్య ఒక ముసలావిడ ముందు స్టూలు మీద కూర్చుని, కొత్త జోడు ఆమె చెవుల వెనక సరిచేస్తున్నాడు. ఫ్రేము తీసి, వేడిగాలి మిషను ముందు పెట్టి, బొటనవేలితో కొంచెం వంచి, మళ్లీ తొడిగాడు.

"ఇప్పుడు నొక్కుతోందా అమ్మా?"

"ఈ పక్క కొంచెం నాయనా."

"ఈ పక్క చెవి కొంచెం కిందికుంది మీకు. అందరికీ అలాగే ఉంటుంది, ఎవరూ చూసుకోరంతే." మళ్లీ తీసి, మళ్లీ వంచాడు. ఆవిడ అద్దంలో మొహం చూసుకుని, అతని చెయ్యి పట్టుకుని, "చల్లగా ఉండు నాయనా, ఎంత ఓపిక నీకు" అంది. వెళ్తూ వెళ్తూ ప్రాంప్టరమ్మ వైపు తిరిగి, "నీకేమవుతాడమ్మా?" అని అడిగింది.

"అన్నయ్య."

"అదృష్టవంతురాలివి."

తలుపు మీది గంట మోగి ఆగింది. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. చిన్నప్పుడు ఆమెను చెట్టెక్కించి, దిగడం రాక ఏడుస్తుంటే కింద నిలబడి నవ్వేవాడే, ఆ నవ్వే.

"ఏంటి చిన్నీ, ఇంత పొద్దున్నే? బావ బాగున్నాడా?"

"ఆయన చెవిలో ఏం చెబుతున్నావురా?"

"ఓ, అదా!" అన్నాడు, మరిచిపోయిన సంచి ఎవరో తెచ్చిచ్చినట్టు. "కూర్చో. ఎన్నాళ్లయింది నువ్వు కళ్లు చూపించుకుని? ఆ గుడ్డి బల్బు కింద చదివీ చదివీ పాడు చేసుకుంటున్నావు. కూర్చోవే, మాట్లాడుకుంటూనే చూస్తాను."

వద్దంటే వెళ్లిపొమ్మంటాడేమో అని కూర్చుంది. అతను ఆమె ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టాడు. అద్దాలు మార్చి మార్చి చూసే ఫ్రేము అది, మొహమంతా బరువు. ఒక కన్ను మూసి ఎదురుగా ఉన్న అక్షరాల బోర్డు చదవమన్నాడు. దాని కింది వరసలు ఆమెకు బూడిద చారల్లా ఉన్నాయి.

"ఎందుకు చేశావు?" అంది.

"రాజు వేషం నాదే కదే అసలు. ముందు నన్నే అడిగారు మాస్టారు." ఫ్రేములో ఒక అద్దం వేశాడు. "ఇప్పుడెలా ఉంది?"

"నిన్ను అడిగారు, నువ్వే వద్దన్నావు. అంత పాఠం ఎవడు బట్టీ పడతాడు, నాకు మంత్రే చాలన్నావు. నేను అక్కడే ఉన్నాను."

"అన్నాను, నిజమే." ఏ మాత్రం నొచ్చుకోలేదు. అద్దం తీసేసి ఇంకొకటి వేశాడు. "పోనీ, నాన్న ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో సంతకాలు పెట్టింది ఎవరు? కొడుకును నేనుండగా అల్లుడు పెట్టాడు. నలుగురిలో నా తల తీసేసినట్టయింది."

"నువ్వు ఊళ్లో లేవు. కబురు పెడితే మూడో రోజున వచ్చావు. వచ్చి ఆయన్ని వాటేసుకుని ఏడ్చావు, 'నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం బావా' అని."

"ఏడ్చాను కదా!" అన్నాడు, మెచ్చుకోలుగా. "భలే గుర్తుంటాయే నీకు. పై వరస చదువు."

ఆమె చదివింది. అన్న చెప్పే ప్రతి కారణానికీ ఆమె దగ్గర జవాబు ఉంది, ఆ జవాబుల వల్ల మాత్రం కాసింత ప్రయోజనం కూడా కనిపించడం లేదు. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు ఆమె లెక్క వేరు. అన్నయ్య మనసులో ఎక్కడో ఒక ముల్లు ఉంటుంది. అదేమిటో తెలిస్తే తియ్యొచ్చు. క్షమాపణ అడగాలంటే అడుగుతుంది. రాజు వేషం కావాలంటే, ఆయన్ని బతిమాలి ఇప్పిస్తుంది. కారణం ఉన్న పగకు మందు ఉంటుందని ఆమె నమ్మకం. అతనేమో ఒక్కో ముల్లూ తనే తీసి చూపించి, తనే పారేస్తున్నాడు.

"చప్పట్ల కోసమా?" అంది. "మొదటిసారి నువ్వు నిజంగా ఏదో చెప్పిన రోజు హాలంతా లేచి కొట్టారు. అందుకోసమా?"

అద్దాల పెట్టెలో అతని వేళ్లు కదిలాయి.

"అదొకటి ఉందనుకో. ఎన్నేళ్లుగా వేస్తున్నాను చిన్నీ ఆ మంత్రి? ఎప్పుడూ జనం నన్ను చూడలేదు. ఆ రోజూ నన్ను చూడలేదు, బావ మొహమే చూశారు. కానీ ఆ మొహం నేను చేసింది. తెలుసా? నేను ఒక్క మాట వేస్తే, అది లోపలికి దిగుతూ దిగుతూ ఉండటం బయటికి కనిపించింది. పాలల్లో చింతపండు పడ్డట్టు." అద్దం వేశాడు. "ఇప్పుడు?"

"కనిపిస్తోంది" అంది. నిజంగానే కింది వరస స్పష్టంగా కనిపించింది, దాని పక్కన అన్న మొహం మసకబారింది.

"మరి చప్పట్లు వచ్చేశాయిగా. అక్కడితో ఆపొచ్చుగా."

"ఆపొచ్చు."

"ఆయన నీకేం చేశాడురా? ఒక్కటి చెప్పు. ఒక్కటి."

"ఏమీ చెయ్యలేదే, అదే చెబుతున్నాను." మొదటిసారి అతని గొంతులో ఆట తగ్గింది. "ఆ మనిషి నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనేం చెప్పినా నమ్ముతాడు. ఫలానా బస్సు రాదు బావా అంటే, కళ్ల ముందు బస్సు పోతున్నా ఎక్కడు. అంత నమ్మేవాడు ఎదురుగా నిలబడి చెవి ఇస్తే, ఏదో ఒకటి వెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో నీకు తెలీదు. ఎందుకని నన్నడిగితే ఏం చెప్పను? నాకూ తోచినవి చెప్పాను. నీకు ఏది సరిపోతే అది ఉంచుకో."

రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టింది. ఆమె ముక్కు మీంచి ఫ్రేము తియ్యబోయింది. "ఉండు, గీతలు పడతాయి" అని అతనే జాగ్రత్తగా తీసి గుడ్డతో తుడిచాడు.

"ఇకనుంచి చెప్పకు. ఆయన మాట తీసుకోవడం మానేశాడు నా దగ్గర. నేను అందిస్తే మొహం తిప్పుకుంటున్నాడు. ఏదో ఒక రోజు నలుగురిలో నిలబడిపోతాడురా. అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ మనిషి బతకడు."

"సరే, మానేస్తాను."

ఇంత తేలికగానా అని ఆమె అతని మొహంలోకి చూసింది.

"కానీ ఒకటి ఆలోచించు" అన్నాడు, చిన్నపిల్లకు లెక్క నేర్పుతున్నట్టు. "ఇన్నాళ్లూ చెప్పి, ఇవాళ్టినుంచి నోరు మూసుకుంటే బావ ఏమనుకుంటాడు? చెల్లెలు వెళ్లి కాళ్లు పట్టుకుంది, అందుకే మానేశాడు అనుకోడూ? పోనీ, నేను అబద్ధం చెప్పాను బావా అన్నాననుకో. 'పాపం, తోడబుట్టినదాన్ని కాపాడుకుంటున్నాడు' అనుకుంటాడు. ఎటు తిప్పినా నీ మీదికే వస్తుంది. నువ్వే చెప్పు, ఎలా చెయ్యమంటావో అలాగే చేస్తాను."

ఆమె లేచి నిలబడింది.

"దూరం ఈ అద్దంతో సరిపోయింది నీకు" అన్నాడు అన్నయ్య, చీటీ మీద నంబరు రాస్తూ. "దగ్గరే కొంచెం తేడా వచ్చింది. జోడు నేను చేయిస్తాలే, నీకు నేను పెట్టకపోతే ఎవరు పెడతారు?"

*

పరాయివాడు చెబితే పదిమందినీ అడిగి తెలుసుకుంటాం. తోడబుట్టినవాడు తన చెల్లెలి గురించి చెడ్డగా చెబితే, దాన్ని కాదనడానికి ఎవరిని అడగాలి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. షాపు నుంచి ఆమె నడిచే వచ్చింది. బస్సులు వచ్చాయి, పోయాయి, చెయ్యెత్తాలని తోచలేదు.

ఆదివారం ఆట మధ్యాహ్నం. హాలు తలుపులు తియ్యకముందే ఆమె మాస్టారి దగ్గరికి వెళ్లింది. మాస్టారు రంగం మధ్యలో నిలబడి అట్టకోట బురుజు వంకరగా ఉందని మేకులు కొట్టిస్తున్నారు. మంచి హుషారుగా ఉన్నారు. టిక్కెట్లు అయిపోయాయట.

"మాస్టారూ, ఆ చెవిలో మాట దగ్గర..."

"అమ్మా, నువ్వే చూశావుగా! పోయిన ఆటలో మీ ఆయన ఎంతసేపు నిలబడ్డాడు అలా? హాల్లో ఒక్క దగ్గు వినపడిందా? ముప్ఫయ్యేళ్లుగా చేయిస్తున్నాను, ఆ మౌనం నేను నేర్పితే వచ్చేదా?"

"ఆయన నటించడం లేదండీ."

"అదేగా అమ్మా నటనంటే!" అని ఆయన పెద్దగా నవ్వారు. నవ్వి, ఆమె మొహం చూసి ఆపారు. "ఏం? ఏమైనా ఇబ్బందా?"

నోటి చివరిదాకా వచ్చింది. ఆయన మాట మరిచిపోయి నిలబడుతున్నాడండీ. డాక్టరుకు చూపించాలి, నేను చెబితే వినడం లేదు. ఆ ఒక్క వాక్యం అంటే మాస్టారు ఆట ఆపేవారేమో, డాక్టరుకు కబురు పెట్టేవారేమో, ఏదో ఒకటి చేసేవారు. కానీ అనగానే అన్నయ్య చెప్పిన అబద్ధమంతా నిజమై కూర్చుంటుంది. 'మాస్టారికి చెప్పింది.' ఇప్పటిదాకా చెయ్యని నేరం తన నోటితో తనే చేసినట్టవుతుంది.

"ఏం లేదండీ" అంది. "బల్బు మరీ మసకగా ఉంది, అంతే."

"మార్పిస్తానమ్మా" అన్నారు మాస్టారు, మేకు వైపు తిరిగి.

వేషాల గదిలో ఆయన అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం అంటించడం ఎప్పుడూ ఆమె పనే. ముందు జిగురు, దాని మీద దువ్విన వెంట్రుకలు పాయలు పాయలుగా, చివర తడిగుడ్డతో నొక్కడం. పెళ్లయిన కొత్తలో ఆ జిగురు వాసనకు ఆమెకు తుమ్ములొచ్చేవి, ఆయన తుమ్ముల మధ్య పద్యాలు చదివి నవ్వించేవాడు. ఇవాళ వెళ్లేసరికి గడ్డం సగం అతికి ఉంది. ఎడమ చెంప మీద పాయ జారుతోంది.

"నేను పెడతానుండండి."

"మీ అన్న వచ్చి పెడతానన్నాడు."

"ఒక్కసారి నా మాట వినండి." గదిలో ఇంకెవరూ లేరు. ఆమె తలుపు దగ్గరగా వేసింది. "అన్నయ్య చెప్పేది అబద్ధం. మీరు మరిచిపోతున్నారని నేను భయపడ్డాను, నిజం. అన్నయ్య ఒక్కడికే చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. తప్పు మాట అందించలేదు. ఎవరినీ తయారు చెయ్యలేదు. నా మీద ఒట్టు."

ఆయన అద్దంలోంచి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. అలసట ఉంది. దారి తప్పినవాడు ఎదురొచ్చిన మనిషిని అడగాలా వద్దా అని తూచుకుంటున్నట్టుంది.

"సరిగ్గా ఇలాగే అంటావని చెప్పాడు" అన్నాడు. "కొంచెం ఒప్పుకుంటుంది బావా, కొంచెం ఒప్పుకుని మిగతాది ఒట్టేసి కాదంటుంది అన్నాడు."

"మరి ఏమంటే నమ్ముతారు?"

"నాకూ తెలీడం లేదు." జారుతున్న పాయను చేత్తో పట్టుకున్నాడు. "నా బుర్రలో ఏముందో నాకే సరిగ్గా ఉండటం లేదు ఈ మధ్య. నువ్వు నిన్న ఏమన్నావో, మీ అన్న ఏమన్నాడో, నేనే ఏమనుకున్నానో... నీకు ఎలా చెప్పను? ఎవరో ఒకర్ని నమ్మాలి కదా. నీ సొంత అన్నే నీ మీద ఎందుకు చెబుతాడు? ఒక్క కారణం చెప్పు. ఒక్కటి చెప్పు, నమ్ముతాను."

ఆమె దగ్గర ఒక్క కారణమూ లేదు. షాపులో అన్నయ్య ఇచ్చినవన్నీ తనే పనికిరావని తేల్చి పారేసి వచ్చింది.

తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు, మంత్రి తలపాగా చంకలో పెట్టుకుని. "అయ్యయ్యో, పాయ జారిపోయిందే బావా, ఏదీ, ఇటు తిరుగు" అని ఆయన గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పాడు. ఆయన పసిపిల్లాడిలా తిరిగాడు.

*

మొదటి అంకం బాగానే జరిగింది. ఆమె స్టూలు మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు వరస మీద ఉంచి, పెదవులు కదుపుతూ ఉంది. ఆయన రెండుసార్లు తడబడ్డాడు. రెండుసార్లూ ఆమె అందించింది. ఆయన తీసుకోలేదు. ఒకసారి రాణి వేషం వేసే అమ్మాయి తన మాట ముందుకు జరిపి కాపాడింది. ఇంకోసారి ఆయనే వేరే మాట వేసుకుని దాటేశాడు.

రెండో అంకం. మంత్రి రాజు దగ్గరికి వచ్చాడు. చెయ్యి రాజు భుజం మీద వేసి, చెవి దగ్గరికి వంగాడు.

ఆమె చెవులు రిక్కించింది. రెండు బారల దూరంలో ఉంది. ఈ నాటకంలో ప్రతి అక్షరం ఆమెకు తెలుసు, అదొక్కటి తప్ప. అన్నయ్య పెదవులు కదిలాయి. మానేస్తానన్నాడు. మానేశాడేమో. "మీసం ఊడుతోంది" అన్నాడేమో. భగవంతుడా, అదే అని ఉండాలి.

మంత్రి వెనక్కి తగ్గాడు. రాజు అలాగే నిలబడ్డాడు. హాలు ఊపిరి బిగబట్టింది. ఇక్కడ రాజు అనాల్సింది చిన్న మాట. 'ఎవరక్కడ! కోట తలుపులు వేయించండి.' మరిచిపోయేంత పెద్దది కాదు. అయినా ఆమె మెల్లగా, "ఎవరక్కడ" అంది.

ఆయన తల ఆమె వైపు తిరిగింది. నేరుగా తెర చాటుకు, ఆమె కళ్లలోకి చూశాడు.

"ఎవరక్కడ!" అన్నాడు పెద్దగా, గొంతులో ఏ తడబాటూ లేకుండా. "ముందు ఆ తెర చాటున కూర్చుని నా ప్రతి మాటకూ కాపలా కాస్తున్న మనిషిని బయటికి పంపండి. ఆ తరువాత కోట తలుపులు వేయించండి."

హాలు ఒక్కసారిగా చప్పట్లతో మోగిపోయింది. కోటలో గూఢచారి ఉన్నాడని వాళ్లనుకున్నారు. ఎంత బాగా పెట్టారు అనుకున్నారు.

రంగం మీద భటులిద్దరూ బిక్కచచ్చిపోయారు. వాళ్లలో పెద్దవాణ్ని అందరూ బల్లెం బాబాయ్ అంటారు. జీవితమంతా భటుడి వేషమే వేశాడు, ఒక్క మాట కూడా లేకుండా. రాజు ఆజ్ఞ ఇస్తే నడవడం తప్ప అతనికి ఇంకేమీ తెలియదు. ఎదుటి పక్క తెర వైపు చూశాడు. అక్కడ మాస్టారు నిలబడి ఉన్నారు, మొహం వెలిగిపోతోంది. 'కానీ, కానీ' అన్నట్టు చెయ్యి ఊపారు.

రేకు బల్లేలు టకటకమంటూ తెర చాటుకు వచ్చాయి.

"అమ్మాయ్" అన్నాడు బల్లెం బాబాయ్, నోరు కదపకుండా. అతని నుదుటి మీంచి రంగు కారుతోంది. "ఏం చెయ్యమంటావమ్మా?"

"మూడో అంకంలో నేను లేకపోతే ఆయన నిలబడిపోతారు బాబాయ్."

"ఇప్పుడు నువ్వు లేవకపోతే ఇక్కడే నిలబడిపోతాడమ్మా. జనం చూస్తున్నారు."

నిజమే. రాజు చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. ఆజ్ఞ జరిగేదాకా ఆ చెయ్యి దిగదు. హాల్లో చప్పట్లు తగ్గుతున్నాయి. ఇంకొంచెం ఆగితే ఎవరో ఒకరు నవ్వుతారు. ఆమె పుస్తకం స్టూలు మీద పెట్టి లేచింది. ఆయన పరువు కోసం లేచింది. లేచి నడవడమే ఆయనకు చేటని తెలిసీ లేచింది. ముందొక బల్లెం, వెనకొక బల్లెం, మధ్యలో ఆమె.

వేషాల గదిదాకా తీసుకెళ్లి, బల్లెం బాబాయ్ కుర్చీ చూపించాడు. "అంతా అయ్యాక నేనే మాట్లాడతానమ్మా రాజుగారితో" అన్నాడు. అతనెప్పుడూ ఎవరితోనూ మాట్లాడినవాడు కాదని ఇద్దరికీ తెలుసు. తలుపు దగ్గరగా లాగి వెళ్లిపోయాడు.

మూడో అంకం గంట కొట్టారు. గోడ సన్నది, అంతా వినిపిస్తోంది. వాన చప్పుడు కోసం రేకు మీద ఇసుక పోస్తున్నారు. బయట తమ్ముడు కోట తలుపు తడుతున్నాడు. రాజు కోట గోడ మీదికి ఎక్కాడు. ఇక్కడినుంచి పొడుగాటి మాట. ఆమె ఆసరా లేకుండా ఈ మధ్య ఒక్కసారి కూడా ఆయన దీన్ని దాటలేదు.

మొదలుపెట్టాడు. బాగుంది. గొంతు బాగుంది. నాలుగు వాక్యాలు నీళ్లలా వెళ్లాయి. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. అయిదోది. ఆరోది. ఇక్కడ.

ఆగిపోయాడు.

ఇసుక చప్పుడు, తలుపు చప్పుడు. మాట లేదు. ఖాళీ గదిలో ఆమె పెదవులు వాటంతటవే కదిలాయి. హాల్లో ఎవరో కుర్చీలో కదిలారు. ఇంకెవరో గుసగుసలాడారు.

అప్పుడు ఒక గొంతు మెల్లగా, ఎంతో ప్రేమగా మాట అందించింది. అన్నయ్య గొంతు.

"తలుపు తడుతున్నవాడు నా తమ్ముడే అయితే..."

సరైన మాటే. అక్షరం పొల్లుపోలేదు. ఎంతైనా అన్నయ్యే అనుకుంది. ఆ ఒక్క క్షణం అతను చేసిందంతా క్షమించేసింది.

"తలుపు తడుతున్నవాడు నా తమ్ముడే అయితే" అన్నాడు రాజు, పెద్దగా. అని, మిగతా సగం కోసం మంత్రి వైపు తిరిగి ఎదురుచూశాడు.

మంత్రి ఏమీ అనలేదు.

ఇసుక అయిపోయి వాన ఆగిపోయింది. తలుపు తడుతున్నవాడూ ఏం చెయ్యాలో తోచక ఆగిపోయాడు. "తలుపు తడుతున్నవాడు" అన్నాడు రాజు మళ్లీ, ఈసారి చిన్నగా. హాలు వెనక వరసలోంచి ఒక నవ్వు లేచింది. దాన్ని అందుకుని ఇంకొకటి.

ఆమె తలుపు లాగి నడవాలోకి పరుగెత్తింది. తెరల మధ్య సందులోంచి ఆయన కనిపించాడు. కిరీటం కాస్త పక్కకు ఒరిగి ఉంది, రెండు చేతులూ అన్నయ్య వైపు చాపి ఉన్నాయి. అన్నయ్య ఆయన మొహంలోకే చూస్తున్నాడు. కళ్లజోడు చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూసే శ్రద్ధ ఉంది ఆ చూపులో.

మిగతా సగం ఆమె నోట్లోనే ఉంది. అరిస్తే హాలంతటికీ వినిపిస్తుంది. ఆయనకూ వినిపిస్తుంది. ఆమె నోటి నుంచి వచ్చింది కాబట్టి, ఆ ఒక్క కారణానికే, ఆయన దాన్ని తీసుకోడు.

నవ్వులు ముందు వరసలకు పాకుతున్నాయి. ఆమె నోరు తెరిచింది.